అనుమతించడమైనది

శ్రీవారికి,

కోపం పిసరంత కూడా తగ్గకముందే మీ భార్య రాస్తున్న ఉత్తరం ఇది. క్షేమ సమాచారాలు ఆశించకండి.

ఆరు గంటలు బస్సులో కూర్చుని వచ్చాను. పక్క సీటావిడ “మీవారు ఏం చేస్తుంటారండీ?” అని అడిగింది. “అనుమతులిస్తుంటారు” అన్నాను. ఎంత పెద్ద ఆఫీసరో అనుకుని పాపం కాళ్ళు ముడుచుకుని నాకు చోటిచ్చింది. ఈ మధ్య మీవల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే.

ఫోన్‌కి ఏమీ పంపొద్దు. మీరొక ముక్క పంపితే అప్పటికప్పుడు నోటికొచ్చింది రాసి పంపేస్తాను. కాగితం మీదైతే కవరు అంటించేలోపు సగం తిట్లు కొట్టేసే వీలుంటుంది. ఇందులో కొట్టివేతలు కనిపిస్తున్నాయి కదా, అవన్నీ మీకు చెందినవే.

ఇక నా ఫిర్యాదు. నీటి సరఫరా ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్ళపాటు జనం ఫిర్యాదులకు జవాబులు రాసిన మనిషి మీరు. పూర్వాపరాలు వరసగా లేని కాగితాన్ని మీరు ముట్టుకోరు. అందుకని మీకు తెలిసిన సంగతులే అయినా మొదటినుంచీ రాస్తున్నాను.

ఎనిమిది నెలల క్రితం, ఒక సోమవారం ఉదయం, ఆఫీసుకి తయారవుతూ, చొక్కా మూడో బొత్తాం దగ్గర మీరు కూలబడ్డారు. ఆస్పత్రినుంచి వచ్చేసరికి మాట లేదు, కుడి చెయ్యి లేదు, కుడి కాలు సగమే మీది. మిగిలినవి ఎడమ చేతి చూపుడువేలు, మీ పొగరు. ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మీ అక్కగారు పెట్టె సర్దుకొచ్చి ముందు గదిలో దిగింది. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, మందులు వెయ్యడం, అన్నీ ఆవిడే. నేను చెయ్యి వేయబోతే “నా తమ్ముడు, నా పని. నువ్వు పోయి నీ బట్టలు కత్తిరించుకో అమ్మాయ్” అనేది. వదినకి దణ్ణం పెట్టాలి, పెట్టాను కూడా. కాని నాకంటూ మిగిలింది మీతో మాట్లాడటం ఒక్కటే. ఆ ఒక్కదానికీ మధ్యలో మిషన్ వచ్చి కూర్చుంది.

తెచ్చింది మన అల్లుడు. మంచి మనసుతోనే తెచ్చాడు. మంచానికి పలకలాంటి తెర బిగించి, “మామయ్యగారు ఒక్క అక్షరం కొడితే చాలు అత్తయ్యా, పైన మూడు మాటలు వస్తాయి. కావాల్సిన దాన్ని నొక్కితే పూర్తి మాట పడిపోతుంది. తరవాతి మాట కూడా అదే అందిస్తుంది. వేలికి శ్రమ ఉండదు” అన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. మీ మాట తీరు దానికి త్వరగా అబ్బాలని, మీ ఆఫీసు పెన్‌డ్రైవ్‌లో ఉన్న పదకొండేళ్ళ జవాబు ఉత్తరాలన్నీ దానికి తినిపించాడు. పిల్లికి ఎలకని చూపించినట్టయింది.

మంచినీళ్ళు కావాలా అని నేనడిగితే తెరమీద “మంజూరు చేయడమైనది” అని వచ్చింది. తలగడ బాగుందా అని వదిన అడిగితే “ప్రస్తుతానికి ఎటువంటి ఫిర్యాదు లేదు” అన్నారు. బెడ్‌పాన్ కావాల్సినప్పుడు “అత్యవసరం. తగు చర్య తీసుకొనగలరు.” వదిన గుమ్మం పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. రెండు వారాలు ఇల్లంతా నవ్వింది. ఆ తరవాత ఒకరోజు, పొద్దుటినుంచి నిలబడి పని చేసి వచ్చి, మీ మంచం అంచున కూర్చుని, “నాకు ఓపిక అయిపోతోందండీ” అన్నాను. పెళ్ళయ్యాక నేను ఆ మాట మీతో ఎన్నిసార్లు అన్నానో లెక్కపెట్టుకోండి, ఒక చేతి వేళ్ళు ఎక్కువ. దానికి మీరు రాసింది: “సిబ్బంది కొరత కారణంగా జాప్యము జరుగుచున్నది.” నేను లేచి బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకున్నాను.

ఇక అసలు సంగతి. ఆస్పత్రి యూనిఫారాలు కుట్టే ఈ ఫ్యాక్టరీనుంచి నాకు కాగితం వచ్చింది. కటింగ్ విభాగానికి పెద్దగా ఒక ఏడాది ఉండాలి. ముప్ఫైమంది ఆడవాళ్ళకి పని నేర్పాలి. కాగితం మూడు రోజులు మీ మందుల డబ్బా కింద ఉంది. మీరు దాన్ని చదవడం నేను చూశాను. నాలుగో రోజు కుర్చీ లాక్కుని మీ ఎదురుగా కూర్చుని, “వెళ్ళమంటారా, ఉండమంటారా? ఒక్క మాట చెప్పండి” అన్నాను.

మీరు వేలెత్తారు. కొట్టారు, చెరిపారు. కొట్టారు, చెరిపారు. తెర నావైపు తిప్పలేదు. గోడ గడియారం నాకు ఎదురుగానే ఉంది, ఇరవై నిమిషాలు. ఈ మనిషి ఇన్నాళ్ళకి మిషన్ అందించని మాటేదో వెతుక్కుంటున్నాడు అనుకున్నాను. అప్పుడు తెర తిప్పారు.

“అనుమతించడమైనది.”

ఎవరడిగారండీ మీ అనుమతి? మీ ఆఫీసు కిటికీ దగ్గర చెంబు పట్టుకుని నిలబడ్డానా నేను? గంటలో పెట్టె సర్దుకున్నాను. “మిషన్ మాటకి కోపమేంటే, అది దానికొచ్చిందేదో వాగింది” అని వదిన వీధిదాకా వచ్చింది. మిషన్ మూడు మాటలు చూపిస్తుంది. నొక్కేది మిషన్ కాదు.

ఇప్పటికి మాత్రం,
మీ భార్య

*

విషయము: ఫిర్యాదు లేఖ – జవాబు – గురించి.
సూచిక: తమరి తేదీ లేని లేఖ.

పై సూచికలో తెలిపిన లేఖ అందినది. అందలి అంశములు గమనించడమైనది. కొట్టివేతలతో కూడిన లేఖలు స్వీకరించబడవు. అయినను, ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా స్వీకరించడమైనది.

ఇచ్చట అందరూ క్షేమము. మందుల సరఫరా సక్రమముగా జరుగుచున్నది. తమరి సేవలు లేకున్నను ఎటువంటి అంతరాయము కలుగలేదని తెలియజేయడమైనది.

తమరు తమ విధులయందు శ్రద్ధ వహించగలరు. ఈ విషయమై తదుపరి ఉత్తర ప్రత్యుత్తరములు అనవసరము.

ఇట్లు,
తమరి భర్త

*

అంతరాయం కలగని శ్రీవారికి,

మీ జవాబు భోజనాల బల్ల దగ్గర చదివాను. పక్కనున్న పిల్ల “ఇంటినుంచా మేడమ్?” అంది. “కాదు, ఆఫీసునుంచి” అన్నాను. వదిన దీన్ని ప్రింటు తీయించి, కవర్లో పెట్టి, పోస్టు చేసిందంటే ఆవిడ ఓపికకి మెచ్చుకోవాలి. చదివి నవ్వి ఉంటుంది. నాకు నవ్వు రాలేదు.

మీ పుణ్యమా అని మొన్న ఇక్కడ ఏం జరిగిందో వినండి. అరవై వరసల బట్ట ఒకదానిమీద ఒకటి పరిచాం. చొక్కా చేతుల కొలత అట్టని ఒకసారి పెట్టి గీసి, తిరగేసి మళ్ళీ గీయాలి. అప్పుడే కుడి చెయ్యి, ఎడమ చెయ్యి వస్తాయి. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పని. నా బుర్రలో “అంతరాయము కలుగలేదని” అన్న మాట తిరుగుతుంటే అట్ట తిరగేయడం మరిచిపోయాను. గీత మీద నమ్మకంతో ఆ పిల్లలు కత్తి నడిపేశారు. అరవై చొక్కాలకి అన్నీ ఎడమ చేతులే. ఒక్క కుడి చెయ్యి లేదు. ముప్ఫైమంది నా మొహం చూస్తున్నారు. నేర్పడానికి వచ్చిన మనిషిని కదా, తప్పు నాదే అని ఒప్పుకుని, ఆ బట్టలోంచి జేబులు తీయించాను. మేనేజరమ్మ ఆ జేబులు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

హాస్టల్లో నా గది కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ వస్తుంది. గోడతో మాట్లాడటం నాకు అలవాటే కాబట్టి ఇబ్బంది లేదు. ఆ గోడ ముందు కూర్చుని నేను నెమరేసుకున్న సంగతి ఒకటి మీకు చెప్పాలి. ఇది ఫిర్యాదు కాదు. దీనికి నంబరు వేయకండి.

పందొమ్మిదేళ్ళ క్రితం కుట్టుపని బడిలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది, గుర్తుందా? ఊరు మారాలి. మన అమ్మాయికి అప్పుడు ఐదేళ్ళు. మీరు వంటగది గుమ్మంలో నిలబడి “వెళ్ళకు” అన్నారు. కారణం చెప్పలేదు, బతిమాలలేదు, ఒక్క మాట. నేను ఆ కాగితం చింపేశాను. ఆ తరవాత దాని గురించి మిమ్మల్ని సాధించాను, నిజమే. పప్పులో ఉప్పు తక్కువైతే కూడా ఆ ఉద్యోగాన్ని లాక్కొచ్చాను. కాని ఒకటి మాత్రం మీకెప్పుడూ చెప్పలేదు. నేను చింపింది ఏడుస్తూ కాదు. ఈ మనిషికి నేను లేకపోతే జరగదు అనుకుంటూ చింపాను. దానిమీదే ఇన్నేళ్ళు నడిచాను. సాధింపంతా పైపూత.

ఇప్పుడు మళ్ళీ కాగితం వచ్చింది. మళ్ళీ అడిగాను. ఎందుకడిగానో మీకు తెలియలేదా? మీరు “వెళ్ళకు” అంటారని అడిగాను. అన్న మరుక్షణం చింపేదాన్ని. అప్పుడు అన్నీ ఉన్న మనిషి వెళ్ళకు అన్నాడు. ఇప్పుడు నోరు, చెయ్యి, కాలు పోయిన మనిషి అనుమతిస్తున్నాడు. దీనికి అర్థం నాకు ఒక్కటే కనబడుతోంది. నా అవసరం తీరిపోయింది. వదిన ఉంది, మిషన్ ఉంది. నేను వాగుతూ ఉండే మనిషిని, తప్పుకుంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. అదేనా? అదే అయితే అలాగే చెప్పండి. మడత పేచీ వద్దు.

మేనేజరమ్మ నిన్న పిలిచింది. నూట ఇరవై ఎడమ చేతుల తరవాత కూడా నన్ను మూడేళ్ళకి ఉంచుకుంటానంటోంది. “ఆలోచించుకుని నెలాఖరులోపు సంతకం పెట్టండి” అని కాగితం చేతికిచ్చింది. అది నా తలగడ కింద ఉంది.

కాబట్టి వినండి. అల్లుణ్ణి పిలిచి ఆ మాటలందించే ఏర్పాటు ఆపించండి. ఒక్కో అక్షరం మీ వేలితో మీరే కొట్టండి. నేను కావాలా, అక్కర్లేదా? నెలాఖరులోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబులో ఒక్క “డమైనది” కనిపించినా, మూడేళ్ళకి సంతకం పెట్టి, ఆ ఇంటి తాళంచెవి కవర్లో పెట్టి పంపేస్తాను. తరవాత నా మొహం చూడాలంటే మీరే అర్జీ పెట్టుకోవాలి.

మీరు నొక్కని మాట,
మీ భార్య

*

కత్తెరకి,

ఆపించాను. తొమ్మిది రోజులుగా కొడుతున్నాను. ఒక ఒత్తుకి మూడు దెబ్బలు. వేలు వాచింది. అక్క తిట్టింది. ఇదంతా నీ నిర్వాకం.

ముందు నీ తప్పులు. పెళ్ళయినప్పటినుంచీ నువ్వు ప్రశ్న అడిగి, జవాబు కూడా నువ్వే రాసుకుని, నా చేత సంతకం పెట్టించేదానివి. ఇప్పుడూ అదే చేశావు. నా అవసరం తీరిపోయిందా అని నువ్వే అడిగావు, తీరిపోయిందని నువ్వే తేల్చావు, నామీద నువ్వే అలిగావు. మధ్యలో నేనెందుకు?

రెండోది. మిషన్‌ని తిట్టకు. నీకు తెలియని సంగతి చెబుతాను. నువ్వు కుళాయి తిప్పుకుని ఏడ్చిన రోజు నాకు వినబడింది. కాలు చెయ్యి పోయాయి, చెవులు పోలేదు. ఆ సాయంత్రమే అల్లుణ్ణి పిలిచి ఆఫీసు ఉత్తరాలన్నీ దానిలోంచి తీయించేశాను. ఆ రోజుతో దానికి ఒక్క ఆఫీసు మాట రాదు. ఆ తరవాత ఆరు నెలలు నువ్వు విన్న ఆఫీసు మాటలు నేను అక్షరం అక్షరం కొట్టినవి. కొడుతుంటే అది మళ్ళీ నేర్చుకుంది.

ఎందుకు కొట్టానంటావు. ‘దాహం’ అని రాస్తే నేను మంచంలో పడున్న మనిషిని. ‘మంజూరు చేయడమైనది’ అని రాస్తే నాకు బల్ల ఉంది, కుర్చీ ఉంది, ఎదురుగా నిలబడ్డ జనం ఉన్నారు. నీకిది చెప్పడానికి సిగ్గేసింది. నువ్వు నవ్వుతుంటే నవ్వనీ అనుకున్నాను. ఏడిస్తే మాత్రం ఏం చెయ్యాలో తెలియలేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో నాకు ఎదురుగా ఏడ్చినవాళ్ళకి కూడా అవే మాటలు చెప్పాను. వేరే మాటలు నేర్చుకోలేదు.

ఇక ఆ రోజు. కాగితం నా మందుల డబ్బా కింద మూడు రోజులు ఉందన్నావు. ఆ మూడు రోజులూ నేను ఏం చేశానో నువ్వు చూడలేదు. నువ్వు గదిలో లేనప్పుడల్లా తెరమీద ‘వెళ్ళకు’ అని కొట్టి చెరిపేశాను. ఎన్నిసార్లో తెలియదు. చెరిపేస్తే పోతుందనుకున్నాను. ఆ మిషన్‌కి కొట్టిందే గుర్తు, చెరిపింది పట్టదు. అల్లుడు తరవాత చెప్పాడు.

నాలుగో రోజు నువ్వు కుర్చీ వేసుకుని కూర్చుని అడిగావు. నేను ‘వెళ్ళు’ అని రాద్దామనుకున్నాను. వేలు పెట్టగానే పైన మొదటి మాట ‘వెళ్ళకు’. నా వేలు వణుకుతుంది కదా, పోయి దానిమీదే పడింది. చెరిపాను. మళ్ళీ కొట్టాను, మళ్ళీ అదే వచ్చింది, మళ్ళీ వేలు దానిమీదే. వేలు వణికి పడిందో నేనే వేశానో నాకూ తెలియదు. ‘ఇష్టం’ అని మొదలుపెడితే, ‘లేదు’ అని పక్కన అందించింది. ‘నాకు’ అంటే ‘వద్దు’. మూడు రోజుల్లో నా కడుపులో ఉన్నదంతా దానికి నేర్పేశాను. నువ్వు ఎదురుగా కూర్చుని గడియారం చూస్తున్నావు. అప్పుడు ఆ మాటలకి దూరంగా ఉన్న మాటొకటి వెతికి పట్టుకున్నాను. నువ్వు సాధిస్తున్న ఆ ఒక్క మాట కొట్టడానికి ఎంతసేపు పట్టిందో నువ్వే రాశావు.

ఎందుకు వెళ్ళకు అనలేదంటే, ఒకసారి అన్నాను కాబట్టి. ఆ ఒక్క మాటకి పందొమ్మిదేళ్ళు శిక్ష అనుభవించాను. అప్పుడు చింపింది ఏడుస్తూ కాదని ఇప్పుడు చెబుతున్నావు. ఇన్నేళ్ళు దాచుకుని ఏం చేసుకున్నావు? ఇంకో కాగితం చింపించి ఇంకో పందొమ్మిదేళ్ళు నీ త్యాగం కథ వినే ఓపిక నాకు లేదు. అన్నేళ్ళు ఉండను కూడా. నేను పోయాక ఆ మంచం పక్కన నువ్వు ఖాళీ చేతులతో కూర్చుంటావు. అది నాకు ఇష్టం లేదు.

మొన్నటి ఆఫీసు జవాబు కూడా కావాలనే రాశాను. నీకు కోపం వస్తే వెనక్కి చూడవు. పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టాను. నూట ఇరవై ఎడమ చేతులు కత్తిరిస్తావని అనుకోలేదు. అది చదివి నేను నవ్వాను. నవ్వితే మూతి ఎడమ పక్కకే పోతుంది. అక్క భయపడి బీపీ చూసింది.

ఉన్న పళాన సంతకం పెట్టు. మూడేళ్ళకే పెట్టు. తాళంచెవి పంపకు. ఇల్లు నీది కూడా.

కావాలా అక్కర్లేదా అన్నావు. పైన రాసిందంతా జవాబే. ఇంకా విడమరిచి అడిగితే నా వేలు ఊడిపోతుంది.

నీ
ఆఫీసాయన

*

ఆఫీసాయనకి,

మీ ఉత్తరం నెలాఖరుకి ఒకరోజు ముందు అందింది. ఫ్యాక్టరీ గేటు దగ్గరే చించి నిలబడి చదివాను. మధ్యలో గంట కొట్టారు, లోపలికి వెళ్ళలేదు. పదమూడేళ్ళ పిల్లలా ఆలస్యంగా వెళ్ళి మేనేజరమ్మ చేత మాట పడ్డాను.

సంతకం పెట్టాను. మూడేళ్ళకే. పెట్టి వచ్చి, మీరు నన్ను ఇన్ని నెలలు ఏడిపించినందుకు మిమ్మల్ని కడుపారా తిట్టుకున్నాను. ఆ తిట్లు ఇందులో రాసి కొట్టేయలేదు, వచ్చి నోటితోనే చెబుతాను. నెలకి రెండు శనివారాలు సెలవు. ఈ నెల రెండో శనివారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. వదినని ఆ పూటకి సినిమాకి పంపేయండి. మీ ఒళ్ళు నేనే తుడుస్తాను. ఆవిడ ఊరుకోకపోతే పోట్లాడతాను.

అల్లుణ్ణి పిలిచి మిషన్ మళ్ళీ మామూలుగా పెట్టించుకోండి. వేలు వాచిన మొగుడు నాకొద్దు. ఆఫీసు మాటలు మీకు కావాలంటే అవీ ఉంచుకోండి, నేను ఇక ఏడవను. ఏడిస్తే మీ ముందే ఏడుస్తాను, కుళాయి తిప్పుకోను.

ఒక్క పని చెయ్యండి. వంటగది గుమ్మంలో అన్న ఆ మాట మీ ఉత్తరంలో ఉంది. కాని అది పోలీసుల ముందు వాంగ్మూలం ఇచ్చినట్టుంది, నాతో అన్నట్టు లేదు. ఇప్పుడు మీకు భయమెందుకు? నేను ఇక్కడికి వచ్చేశాను, సంతకం అయిపోయింది, చింపడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు. వేలు పెట్టగానే అది పైన చూపిస్తుంది కదా. ఈసారి చెరపకుండా నొక్కి, నాకు పంపండి.

కత్తెర